బండారి పట్టి చెప్పిన మాట

"నువ్వు చెప్పింది అబద్ధమని నేను అంటలేను నాయినా. ఎందుకు చెప్పినవ్ అని అడుగుతున్న."

ఈ మాట నేను అడగడం ఎన్నోసారో నాకే తెలియదు. మా నాయిన చెన్నయ్య గడప మీద కూర్చుని గొంగడి అంచు కుట్టుకుంటున్నాడు. సూది గుచ్చడం, లాగడం, మళ్ళీ గుచ్చడం. ఇల్లు కాలిపోతున్నా ఆయన ముందు కుట్టు పూర్తిచేసి అప్పుడు లేస్తాడు, అంత నిదానం మనిషి. ఆ నిదానం చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెవులు వినవస్తలేవా?"

"వినవస్తున్నయ్."

"మరి?"

"మరేముంది? అడిగిండు, చెప్పిన."

అడిగినవాడు అనంతయ్య సారు. తాండూరు అవతల ఉన్న సర్కారు గొర్రెల ఫారానికి ఆయనే పెద్ద. ఆ ఫారంలో మందలు చూసుకునే సహాయకుల ఉద్యోగానికి పరీక్ష పెడితే నా పేరే మొదట వచ్చింది. గొర్రెల మధ్యే పుట్టాను, పశువుల పాలిటెక్నిక్‌లో చదివాను, నాకు రాక ఇంకెవరికి వస్తుంది? తీరా చేరే రోజున "ఆడపిల్లవమ్మా స్నేహలతా, నీతోని కాదు" అని నా కింద ఉన్న అబ్బాయిని పెట్టుకున్నారు. ఫిర్యాదు చేశాను, కొట్టేశారు. ఊరుకుంటానా, అప్పీలు వేశాను. సోమవారం వికారాబాద్ కలెక్టరేట్‌లో ఆ అప్పీలు వింటారు.

అదంతా ఒక ఎత్తు. నిన్న శుక్రవారం తాండూరు బస్టాండులో అనంతయ్య సారు ఎదురుపడి, పాన్ నములుతూ, నలుగురూ వినేలా అన్న మాట ఒక ఎత్తు.

"మా మీద ఎందుకు పడతవమ్మా? నీ ఫిర్యాదు మీ నాయిన మాట మీదనే కొట్టేసిర్రు. ఇంటికి పోయి అడుగు. సోమవారం మా దిక్కు సాక్షి కూడ ఆయననే."

నేను నవ్వాను. మా నాయినా? హాస్టలుకు నా పెట్టె భుజాన మోసుకొచ్చి, గేటు దగ్గర కళ్ళు తుడుచుకుని వెళ్ళినవాడా? ఈ సారుకు పిచ్చి లేచింది అనుకున్నాను. ఇంటికి వచ్చి అడిగితే మా నాయిన కాదనలేదు. అక్కడితో నా నవ్వు చచ్చిపోయింది.

"ఆయన అడిగింది ఏంది, నువ్వు చెప్పింది ఏంది? మల్ల ఒక్కసారి చెప్పు. నేను వినాలె."

సూది ఆగింది. "దొడ్డి కాడికి వచ్చిండు. మంచమేసిన. కూసున్నడు. మీ కురుమోళ్ళల్ల ఆడోళ్ళను మందలకు రానిస్తరా అన్నడు. బయట ఉన్న దినాలల్ల రానియ్యం అన్న. బండారి పట్టుకోని చెప్తవా అన్నడు. పట్టుకోని చెప్పిన. గంతే."

బండారి అంటే బీరప్ప దేవుడి పసుపు. చిన్న గుడ్డసంచిలో పోసి మా నాయిన నడుముకు కట్టుకుని తిరుగుతాడు. అది చేతిలో పట్టుకుని మావాళ్ళు అబద్ధం ఆడరు. ఆడితే ఆ చెయ్యి పడిపోతుందని నమ్మకం. అనంతయ్య సారుకు ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, మా నాయినను ఎక్కడ పట్టుకోవాలో బాగా తెలుసుకునే వచ్చాడు.

"నా నౌకరి కోసమే గా మాట అడుగుతున్నడని నీకు తెల్వదా?"

ఈ ఒక్కటి మాత్రం నేను అప్పటిదాకా అడగలేదు. తెలియదంటాడేమోనని ఆశ. ఆఫీసరు వచ్చి మన మంచం మీద కూర్చుని మన ఆచారం అడిగితే పొంగిపోయి చెప్పి ఉంటాడు, పాపం, ఆయనకేం తెలుసు అని సర్దుకుందామనుకున్నాను.

"తెల్సు" అన్నాడు.

లోపల అమ్మ కందులు చెరుగుతోంది. చాట చప్పుడు ఆగిపోయింది.

"తెల్సే చెప్పినవా?"

"తెల్సే చెప్పిన. ఏం చెయ్యాలె మరి? లేదని చెప్పాల్నా? గురిగి ఎత్తేటోన్ని. దేవుని ముంగట పాలు పోసే చెయ్యి ఇది. గీ చేత్తోని బండారి పట్టుకోని నీ నౌకరి కోసం అబద్ధమాడాల్నా?"

ఏటా బీరప్ప పండుగకు మా ఊళ్ళో పాల గురిగి, అంటే చిన్న మట్టికుండ, తలకెత్తుకునేది మా నాయినే. ఆ గురిగిలో పాలు మా మందవే. ముట్టు చెయ్యి తగలని మంద అని చుట్టుపక్కల ఊళ్ళలో దానికి పేరు. ఆ పేరు మీదే ఆయనను గొర్రెల సంఘానికి పెద్దను చేశారు.

"అబద్ధమాడుమని నిన్ను ఎవరన్నరు? నాకు చెప్పొచ్చు గద! బిడ్డా, గిట్ల సారు వచ్చిండు, నేను గిట్ల చెప్పిన అని ఒక్క మాట. నేను పొద్దున లేస్తే ఆఫీసుల చుట్టు తిరుగుతుంటి. నువ్వే నన్ను బండి మీద బషీరాబాద్ దాక దింపుతుంటివి. గెలుస్తవ్ బిడ్డా, ఫికర్ చెయ్యకు అంటుంటివి. గా నోటితోనేనా?"

మా నాయిన సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. మళ్ళీ తడి చేసి ఎక్కించబోయాడు.

"కంచే చేను మేస్తే ఎవనికి చెప్పుకోవాలె నేను?"

"నోరు జర అదుపుల పెట్టుర్రి" అంది అమ్మ, లోపలి నుంచే.

"నన్నా అనేది?"

"ఇద్దరిని. గోడకవతల మంది ఆగి వింటున్నరు."

వింటే విననీ అన్నాను గట్టిగా. మా నాయిన గొంగడి భుజాన వేసుకుని లేచాడు. చెప్పులు తొడుక్కుని, గోడకేసి చూస్తూ అన్నాడు.

"సోమవారం పోత. అడిగింది చెప్త. నువ్వు అడగాల్సింది నువ్వు అడుగు."

వెనక్కి తిరగకుండా దొడ్డి దిక్కు వెళ్ళిపోయాడు. కొట్టినా బాగుండేది. తిట్టినా బాగుండేది. ఆయన నన్ను ఎన్నడూ కొట్టలేదు, తిట్టలేదు. చేసిందల్లా ఇదే.

* * *

తెల్లవారి ఆదివారం. నాయిన మందను మేతకు తోలుకుపోయాడు. అమ్మా నేనూ దొడ్డి ఊడుస్తున్నాం.

మా ఇంటి బయట తాండూరు బండతో వేసిన అరుగు ఒకటుంది. నెలకు మూడు రోజులు అమ్మ దాని మీదే ఉండేది. వయసొచ్చాక నేనూ చేరాను. ఇప్పుడు అమ్మకు ఆ రోజులు ఆగిపోయాయి, అరుగు నా ఒక్కదానిదే అయింది. ఈ ఉద్యోగం పరీక్షకు నేను చదివింది కూడా చాలావరకు ఆ అరుగు మీద కూర్చునే. ఆ సంగతి గుర్తొచ్చి, ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయాను. దాని వెంట ఇంకొకటి గుర్తొచ్చింది.

దసరా పోగానే నాయిన మందను తోలుకుని కర్ణాటక దిక్కు వలస పోయేవాడు. ఈనిన గొర్రెలు, నడవలేని పిల్లలు ఇంటి దగ్గరే ఉండేవి. వాటికి అమ్మే దిక్కు. ఆ నెలల్లో అమ్మ అరుగు మీద కూర్చున్నట్టు నాకు ఒక్క జ్ఞాపకమూ లేదు. ఎంత వెతుక్కున్నా లేదు.

తాండూరులో నా కేసు చూస్తున్న వకీలు డేవిడ్ అన్న పదేపదే ఒకటే చెప్పాడు. "మీవాళ్ళల్ల ఒక్కరు చాలు చెల్లె. ఆచారం ఉంటే ఉండనీ, దానివల్ల ఆడవాళ్ళ చేతిలో మంద పని ఎన్నడూ ఆగలేదని ఒక్కరు వచ్చి చెప్తే చాలు. లేకుంటే మీ నాయిన మాటే నిలుస్తది."

"అమ్మా" అన్నాను. "నాయిన వలస పోయినప్పుడు నువ్వు అరుగు మీద కూసుంటుంటివా?"

అమ్మ చీపురు ఆగలేదు. "కూసోక?"

"మరి గొర్లను ఎవరు చూస్తుండె?"

"మీ హనుమంతు చిన్నాయిన తల్లి వస్తుండె. ముసలామెకు ముట్టేంది, అంటేంది?" హనుమంతు చిన్నాయిన మా నాయినకు వరుసకు తమ్ముడు.

"ఆ అవ్వకు మోకాళ్ళు లేవకపోతుండె గద. మనింటికి వస్తె నేనే చెయ్యి పట్టి లేపుతుంటి."

చీపురు ఆగింది. అమ్మ నడుము నిటారుగా నిలబెట్టి నా వంక చూసింది. నాకు తెలియాల్సింది ఆ చూపులోనే తెలిసిపోయింది. నోటితో చెప్పాల్సిన పనిలేదు.

"అమ్మా..."

"స్నేహా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడతది. నోరు మూసుకోని ఊడువు."

"ఒక్క మాట అమ్మా. సోమవారం వచ్చి ఒక్క మాట చెప్పు. నీ కాళ్ళు మొక్కుత."

"ఎవరి ముంగట చెప్పాలె? మీ నాయిన ముంగటనా? ఇన్నేండ్లు ఆయన ఎత్తిన గురిగి ఏంగావాలె? సంఘమోళ్ళు ఊకుంటరా? పోయినేడు ఎవరి గొర్లు ఎందుకు చచ్చినయో గాని, నా వల్లనే, ఈ జంగమ్మ వల్లనే చచ్చినయని అందరు వచ్చి మీద పడరా?" గొంతు తగ్గించింది. "నా సంసారం పొయ్యిల పెట్టి నీ నౌకరి వండుకుంటవా బిడ్డా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. కోపం మాత్రం పోలేదు, ఉన్నమాట చెబుతున్నాను. ఈ ఇంట్లో అందరికీ నేనంటే ప్రాణం. నాకోసం నోరు తెరవమంటే మాత్రం ఒకరికి దేవుడు అడ్డం, ఒకరికి ఊరు అడ్డం.

"నేను చెప్ప పో" అన్నాను చివరికి. "నా నోట్ల నుంచి రాదు. నీ మీద ఒట్టు."

అమ్మ మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. దొడ్డి అంతా అయిపోయాక, చీపురు గోడకు కొట్టి దులుపుతూ అంది.

"రేపు నేను కూడ వస్త."

"నువ్వెందుకు?"

"రైలుల మీరిద్దరు కొట్టుకుంటె విడిపించేటోళ్ళు ఉండాలె గద."

* * *

మేం కొట్టుకోలేదు. అసలు మాట్లాడుకోనే లేదు. తాండూరులో రైలెక్కాక నాయిన కిటికీ పక్కన, నేను తలుపు దగ్గర, మధ్యలో అమ్మ. ధారూరు దాటాక అమ్మ సద్దిమూట విప్పి రొట్టె ఇద్దరికీ చెరి సగం ఇచ్చింది. ఇద్దరం తిన్నాం. కోపముంటే ఆకలి ఉండదంటారు గానీ అది అబద్ధం.

కలెక్టరేట్‌లో మమ్మల్ని ఒక చిన్న గదిలోకి పిలిచారు. అమ్మ బయట బల్ల మీద కూర్చుంది. నాయిన గది ముందు చెప్పులు విడిచాడు. ఎవరూ విడవమనలేదు. అప్పటికే లోపల కూర్చున్న అనంతయ్య సారు కాళ్ళకు బూట్లున్నాయి.

అప్పీలు వినే మేడమ్ పేరు అరుణాదేవి. నెరిసిన జుట్టు, కళ్ళద్దాలు, మాట నెమ్మది. నన్ను అడగాల్సినవి అడిగింది. చెప్పాను. తర్వాత అనంతయ్య సారు లేచాడు.

"మేడమ్, మా ఫారానికి ఆడపిల్లలంటే ఏం పగ లేదు. ఫారం మనిషి ఊర్లల్ల మందల దగ్గరికి పోవాలె, మందులు తాపాలె. కాపర్లే రానియ్యకపోతే పని ఎట్ల నడుస్తది? నా మాట వద్దు, సంఘం పెద్ద చెన్నయ్యను అడగండి. ఈ అమ్మాయికి సొంత తండ్రి. బిడ్డ మీద ఏ తండ్రన్న అబద్ధం చెప్తడా?"

ఎంత తియ్యగా అన్నాడు! గొంతు కోసేవాడు మెడ నిమిరినట్టు ఉంది నాకు.

మా నాయిన నడుము నుంచి సంచి విప్పి చేతిలో పట్టుకున్నాడు. దొడ్డి దగ్గర చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. చెబుతున్నంతసేపూ నా వంక చూడలేదు.

డేవిడ్ అన్న అడిగాడు. "చెన్నయ్య గారూ, మీరు మందతో వలస పోతారు గదా. ఇంటి దగ్గర మిగిలిన గొర్రెలను ఎవరు చూసేవారు?"

"నా పెండ్లాం."

"ఆ మూడు రోజులూ?"

ఈ ప్రశ్న నేను డేవిడ్ అన్నకు చెప్పలేదు. అమ్మ మీద ఒట్టు, చెప్పలేదు. ఎవరికైనా తట్టే ప్రశ్నే అది. మా నాయినకు మాత్రం ఇన్నేళ్ళలో తట్టలేదు.

"ఆ దినాలల్ల మా హనుమంతు తల్లి చూస్తుండె. ముసలామె."

"చూశారా మేడమ్? వాళ్ళ ఏర్పాటు వాళ్ళకు ఉన్నది" అన్నాడు అనంతయ్య సారు.

"ఆమె ఇప్పుడు ఉన్నారా?" అంది అరుణాదేవి మేడమ్.

"లేదమ్మా. పోయినేడు పోయింది." మా నాయిన సంచి బిగించి పట్టుకున్నాడు. తన మాటను ఎవరైనా శంకిస్తే ఆయనకు ప్రాణం పోయినట్టుంటుంది. "నా మాట మీద నమ్మకం లేకుంటె నా పెండ్లాం బయటనే ఉన్నది. పిలిచి అడుగుర్రి."

వద్దు నాయినా అని నా నోటిదాకా వచ్చింది. ఆ మాట బయటికి వస్తే ఎందుకు వద్దని అడుగుతారు. ఒట్టు వేసిన నోరు మూసుకుని కూర్చున్నాను.

అమ్మ లోపలికి వచ్చింది. కుర్చీ చూపిస్తే వద్దంది. మేడమ్ అడిగిన ప్రశ్న విని తల వంచుకుంది.

"ఈయన చెప్పింది చాలదా అమ్మా? నన్నెందుకు గుంజుతరు?"

"చెప్పవే" అన్నాడు నాయిన. "భయమెందుకు? ఉన్నది చెప్పు." బండారి సంచి ఆమె ముందుకు చాచాడు. "ఇగో, పట్టుకోని చెప్పు."

"దాన్ని పక్కకు పెట్టు."

"పట్టుకో అంటున్న గద!"

అమ్మ ఆ సంచి వంక చూసింది. నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. నిజంగా ఊపాను. ఆ క్షణంలో ఉద్యోగం గిద్యోగం ఏమీ అక్కర్లేదనిపించింది. మా నాయిన చెయ్యి చాచే ఉంది. అమ్మ సంచి అందుకుంది.

"హనుమంతు తల్లి ఒక్కసారి వచ్చింది" అంది. "దొడ్డి తలుపు దాక వచ్చి, మోకాళ్ళు నొస్తున్నయని మర్లిపోయింది. నేను అరుగు మీద ఉన్న. లోపట గొర్రె మొత్తుకుంటున్నది. పిల్ల అడ్డం తిరిగింది. ఎంతసేపని వినాలె? పోయిన. చెయ్యి పెట్టి గుంజిన. తల్లి బతికింది, పిల్ల బతికింది."

"ఆ ఒక్కసారేనా?" అంది మేడమ్ మెల్లగా.

"దేవుడు ఏం చేస్తడో అని మల్ల నెల దాక చూసిన. ఏం చెయ్యలే. మల్ల నెల కూడ పోయిన. ఇగ ఎన్నడు కూసోలే. ఈయన ఇంట్ల ఉన్నప్పుడే అరుగు. ఈయన పోతె దొడ్డి. మంద చావలే, తక్కువ కాలే. రెండింతలైంది."

"పండుగ పాలు?" అన్నాడు నాయిన.

మేడమ్ వైపు కాదు, అనంతయ్య సారు వైపు కాదు. ఆ గదిలో తామిద్దరే ఉన్నట్టు అమ్మను అడిగాడు.

"నువ్వు పండుగ పొద్దున వచ్చి దిగుతుంటివి. గురిగిల పాలు తయారుగ ఉంటుండె. ఎవరు పిండిర్రని ఎన్నడన్న అడిగినవా?"

"ఏ దినాలల్ల పిండినవ్?"

"దినాలు చూసుకుంటె పాలు ఎవరు పిండుతరయ్యా?"

అనంతయ్య సారు గబగబా అందుకున్నాడు. "మేడమ్, ఇది ఒక్క ఆమె చేసిన తప్పు. ఆచారం ఆచారమే గదా..."

"తప్పో ఒప్పో తేల్చడం నా పని కాదండీ. పని జరిగిందా లేదా అన్నదే నేను చూడాలి" అంది మేడమ్. "మీరు ఈయనను ఒక్క ప్రశ్న అడిగి వచ్చేశారు. రెండో ప్రశ్న అడగలేదు." ఆర్డరు రాసి పంపిస్తాననీ, వెళ్ళవచ్చనీ చెప్పింది.

బయటికి రాగానే డేవిడ్ అన్న నా భుజం తట్టాడు. "మస్తు చెప్పింది మీ అమ్మ. గెలిచినట్టే చెల్లె!"

నేను మా నాయిన వంక చూశాను. గోడకు చెయ్యి ఆనించి చెప్పులు తొడుక్కుంటున్నాడు. కాలు చెప్పులో పడటం లేదు. శుక్రవారం ఇంట్లో నవ్వు చచ్చిపోయాక నా ముఖం ఎట్లా ఉండిందో నేను చూసుకోలేదు. ఇదిగో, ఇట్లా ఉండి ఉంటుంది.

* * *

తిరుగు రైలులో నాయిన మా దగ్గర కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడే వచ్చాడు. అమ్మ సద్దిమూటలో ఇంకా రొట్టె ఉంది. నేను తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆయన రొట్టె వంక చూశాడు, నా వంక చూశాడు, వద్దన్నాడు. పొద్దున అదే అమ్మ చేతి రొట్టె తిన్నాడు. అమ్మ చూసింది. కుడిచెయ్యి కొంగులో దాచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తాండూరులో దిగి ఊరి దిక్కు పోయే షేర్ ఆటో ఎక్కాం. వెనక సీటులో మేం ముగ్గురమే. సగం దారి పోయాక నేను ఉండబట్టలేకపోయాను.

"నాయినా, హనుమంతు చిన్నాయిన అడుగుతడు, ఏమైందని. ఏం చెప్తవ్?"

"అడిగింది చెప్త."

"చెప్పకు నాయినా. నీ కాళ్ళు మొక్కుత. ఏం కాలేదని, ఆర్డరు రాలేదని చెప్పు. అబద్ధం కూడ కాదు గద అది! ఊకె ఉండు. గంతే. నాకు చెప్పకుంట ఇన్ని దినాలు ఊకున్నవ్ గద, గట్లనే ఊకో."

ఆటో గుంతలో పడి లేచింది.

"నీకు నేను చెప్పలే" అన్నాడు. "నాకు మీ అమ్మ చెప్పలే. ఇప్పుడు ఊరికి నేను చెప్పొద్దు. ఏం ఇల్లు బిడ్డా ఇది?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపం తీరిపోయిందని కాదు. తీరలేదు. ఆ కోపం అట్లాగే ఉంది, దాని పక్కనే ఇది వచ్చి కూర్చుంది.

"పరేషాన్ గాకు స్నేహా" అంది అమ్మ. "చెప్పనియ్యి. ఆయన గుణం మనకు కొత్తనా?"

"ఇన్నేండ్లు" అన్నాడు నాయిన. ఆమె వైపు తిరగలేదు. "ఇన్నేండ్లు నా నెత్తి మీద పెట్టినవ్ గద ఆ గురిగి. నువ్వే ఎత్తినవ్. ఎత్తుకుంట నవ్వుకున్నవా?"

"మొక్కుకున్న" అంది అమ్మ. "నిన్ను, పిల్లను, మందను చల్లగ చూడుమని మొక్కుకున్న. చూసిండు."

ఊరి మలుపులో ఆటో ఆగింది. అక్కడే సంఘం వాళ్ళు పండుగ పందిరికి గుంజలు పాతుతున్నారు. మమ్మల్ని చూసి హనుమంతు చిన్నాయిన గడ్డపార పక్కన పడేసి, చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. వెనక ఇంకో నలుగురు. అందరి ముఖాల్లో సంబరమే. ఆచారం నిలబెట్టడానికి సర్కారు ఆఫీసుకు పోయి సాక్షి చెప్పి వచ్చిన మొనగాడు మరి మా నాయిన.

"ఏమాయె అన్నా వికారాబాద్‌ల? మన మాట నిలవడ్డదా?"

మా నాయిన చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది. అక్కడ సంచి లేదు. ఇటు తడిమాడు, అటు తడిమాడు.

అమ్మ నన్ను దాటుకుని ముందుకు వచ్చింది. కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. కలెక్టరేట్‌లో ఆయన అమ్మ చేతిలో పెట్టిన సంచి అప్పటి నుంచీ ఆమె పిడికిట్లోనే ఉంది. వేళ్ళన్నీ పచ్చబడ్డాయి.

హనుమంతు చిన్నాయిన నవ్వు ఆగిపోయింది. "బండారి నీ చేతుల ఎందుకున్నది వదినా?"

అమ్మ మా నాయిన ముందు నిలబడి సంచి చాచింది.

"ఇగో" అంది. "పట్టుకోని చెప్పు."

పొద్దున ఆయన అన్న మాటే. అందులో వెటకారం లేదు, బతిమాలడం లేదు.

అందరూ మా నాయిన వంక చూస్తున్నారు. సంచి ఆయన ముందే ఉంది. ఆయన చెయ్యి చాచలేదు.